మునిగిన నేలను తడిమే గాలం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు తూర్పు భాగాన, ఏంజెలీనా నదికి అడ్డంగా ఆ దేశపు సైనిక ఇంజనీర్ల విభాగం కట్టిన ఆనకట్ట వెనుక 1965లో నీరు నిలవడం మొదలైనప్పుడు, అంతకుముందు అడవులతో, వాగులతో, బాటలతో నిండి ఉన్న విశాలమైన నేల క్రమంగా నీటి అడుగుకు చేరింది. అమెరికా ప్రతినిధుల సభకు సుదీర్ఘకాలం సభాపతిగా పనిచేసిన సామ్ రేబర్న్ పేరు పెట్టుకున్న ఈ జలాశయం నిండుగా ఉన్నప్పుడు సుమారు 1,14,500 ఎకరాల మేర, అంటే 460 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంటుంది. దీనికి తూర్పున ఉన్న టొలీడో బెండ్ జలాశయం ఇంతకన్నా పెద్దదే అయినా, అది లూసియానా రాష్ట్రంతో పంచుకున్నది కాబట్టి, పూర్తిగా టెక్సస్ హద్దుల్లోనే ఉన్న జలాశయాలలో రేబర్న్‌దే మొదటి స్థానం. ఇక్కడ లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం గాలం వేసేవారు ఏడాది పొడవునా వస్తారు. వారు పాటించే పద్ధతులలో, బరువైన గుండును జలాశయపు అడుగున మెల్లగా ఈడుస్తూ దాని వెనుక మెత్తని ప్లాస్టిక్ ఎరను నడిపించే పద్ధతి చూడటానికి అన్నిటికన్నా సాదాసీదాగా కనిపించినా, ఆ చేప జీవితాన్నీ దాని ఇంటినీ ఒకేసారి తెలిపే పద్ధతి అదే.

శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడటం ఎరిగిన తెలుగు పాఠకులకు, నీటి అడుగున పాత భూమి తన ఎత్తుపల్లాలతో సహా నిలిచి ఉంటుందన్న మాట కొత్తగా తోచదు. రేబర్న్‌లోనూ పాత నది నడిచిన లోతైన దారి, దానిలో కలిసిన వాగుల వంపులు, ఒకప్పటి బాటల గట్టి నేల, కొట్టేసిన చెట్ల మోళ్లు, ఒకనాడు కొండలుగా ఉండి ఇప్పుడు నీటిలోకి చొచ్చుకువచ్చిన మొనలుగా మారిన మిట్టలు అన్నీ అడుగున ఉన్నాయి. బాస్ చేప వీటిని విడిచి బయలు నీటిలో ఊరకే తిరగడం తక్కువ. ఏ కాలంలో ఏ మిట్ట దగ్గర, ఏ వంపు దగ్గర ఉంటుందన్నది నీటి వేడిమిని బట్టీ, ఆహారాన్ని బట్టీ, సంతానోత్పత్తి అవసరాన్ని బట్టీ మారుతుంది.

పేరులో బాస్ అని ఉన్నా, కోస్తా ఆంధ్రలో పండుగప్పగా పేరుపొందిన ఆసియా సీబాస్‌తో ఈ చేపకు దగ్గరి బంధుత్వమేమీ లేదు. ఇది ఉత్తర అమెరికా మంచినీళ్లలో పుట్టిన సన్‌ఫిష్ కుటుంబానికి చెందినది. పైదవడ చివర కంటిని దాటి వెనక్కి సాగేంత పెద్ద నోరు దీని ప్రధాన లక్షణం. ఎరను వెంటాడి అలసిపోవడం కన్నా మోడు పక్కనో, నాచు అంచునో, గట్టు నీడనో పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని నీటితో సహా ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకోవడం దీని అలవాటు. షాడ్ అనే చిన్న వెండి చేపలూ, ఇతర సన్‌ఫిష్ పిల్లలూ, రొయ్యను పోలి గట్టి డెక్కలతో అడుగున పాకే క్రేఫిష్‌లూ దీనికి ముఖ్యమైన ఆహారం. చూపు బాగా పనిచేసే చేపే అయినా, శరీరానికి రెండు వైపులా తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ అనే అవయవం ద్వారా నీటిలోని సన్నని కదలికలను కూడా పసిగడుతుంది కాబట్టి, మసక నీటిలోనూ వేట మానదు.

ప్రపంచ రికార్డుగా నమోదైన లార్జ్‌మౌత్ బాస్‌లు రెండూ, అంటే 1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలోనూ 2009లో జపాన్‌లోని బివా సరస్సులోనూ పట్టుబడినవి, పది కిలోలకు కాస్త పైన తూగాయి. టెక్సస్ ప్రభుత్వపు పార్కులు, వన్యప్రాణుల శాఖ 1970లలో ఫ్లోరిడా నుంచి పెద్దగా ఎదిగే రకాన్ని తెచ్చి తన జలాశయాలలో వదలడం మొదలుపెట్టింది. 1986 నుంచి, 13 పౌండ్లు, అంటే దాదాపు ఆరు కిలోలు దాటిన చేపను పట్టినవారి నుంచి దాన్ని ప్రాణంతో తీసుకుని సంతానోత్పత్తికి వాడే షేర్‌లంకర్ అనే పథకాన్ని నడుపుతోంది. వేటగాళ్లూ ప్రభుత్వమూ కలిసి చేప జాతిని మెరుగుపరచుకునే ఇటువంటి ఏర్పాటు ప్రశంసించదగినది.

మెత్తని ప్లాస్టిక్ ఎర చరిత్ర 1949తో మొదలవుతుందని చెప్పవచ్చు. ఆ ఏడాది ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరంలో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా కలిసి వినైల్ పదార్థాన్ని నూనెలతో, రంగులతో కాచి అచ్చులో పోసి, ముట్టుకుంటే నిజమైన వానపాములాగే మెత్తగా ఉండే ఎరను తయారుచేసి అమ్మకానికి పెట్టారు. తరువాత ఆ సంస్థ టెక్సస్‌లోని టైలర్ పట్టణానికి తరలివచ్చింది. చెక్కతోనో లోహంతోనో చేసిన ఎరను నోట పెట్టుకున్న చేప అది తినే వస్తువు కాదని వెంటనే గ్రహించి ఉమ్మేస్తుంది. మెత్తనిదాన్ని మాత్రం మరికొన్ని క్షణాలు పట్టి ఉంచుతుంది. గాలం వేసేవారికి కావలసిన వ్యవధి ఆ కొద్ది క్షణాలే. ఈనాడు ఈ ఎరలు పాము, బల్లి, క్రేఫిష్ ఆకారాలలోనూ, ఏ ప్రాణినీ పోలకుండా కాళ్లూ రెక్కలూ ఎక్కువగా ఉన్న వింత ఆకారాలలోనూ దొరుకుతున్నాయి.

ఎరను, ముల్లును, గుండును దారానికి అమర్చే క్రమాన్ని రిగ్ అంటారు. టెక్సస్ రిగ్ అనే అమరికలో తూటా ఆకారపు గుండు ముల్లుకు ఆనుకునే ఉంటుంది, ముల్లు మొన ప్లాస్టిక్ శరీరంలోనే దాగి ఉంటుంది. అందువల్ల నాచులోనూ కొమ్మల్లోనూ వేసినా చిక్కుకోకుండా బయటికి వస్తుంది. కరొలైనా రిగ్ అనే రెండో అమరికలో, గాలపు కర్ర నుంచి వచ్చే ప్రధాన దారానికి మొదట 14 నుంచి 28 గ్రాముల బరువున్న గుండును ఎక్కిస్తారు, దాని వెనుక ఒక గాజుపూస, ఆ పూస వెనుక మెలి పడకుండా తిరిగే స్వివెల్ అనే చిన్న లోహపు కడియం ఉంటాయి. ఆ కడియానికి అవతల లీడర్ అని పిలిచే మరో దారపు ముక్కను, సుమారు ఒకటిన్నర అడుగు నుంచి నాలుగు అడుగుల పొడవున కట్టి, దాని చివర ముల్లునూ ప్లాస్టిక్ ఎరనూ తగిలిస్తారు. గుండు నేల మీద దొర్లుతూ బురదను లేపుతుంది, పూసకు తగిలినప్పుడు టిక్కుమని చప్పుడు చేస్తుంది. ఎర మాత్రం దానికి దూరంగా, బరువేమీ లేనట్టు, అడుగుకు కాస్త పైన తేలుతూ వెనకే వస్తుంది. అడుగున కదిలిన బురద మేఘాన్నీ చప్పుడునూ గమనించి తిరిగిన చేపకు, ఆ గందరగోళం నుంచి తప్పించుకుని తేలిపోతున్న ప్రాణిలా ఎర కనిపిస్తుంది.

ఈ అమరికలో ఎంచుకునే దారానికి కూడా కారణం ఉంది. ఫ్లోరోకార్బన్ అనే దారం నీటికన్నా బాగా బరువైనది కాబట్టి త్వరగా మునుగుతుంది, సాగుడు తక్కువ కాబట్టి అడుగు సంగతులను చేతికి బాగా చేరవేస్తుంది. అందువల్ల దాన్ని ప్రధాన దారంగా వాడేవారు చాలామంది ఉన్నారు. నైలాన్ దారం నీటితో దాదాపు సమానమైన సాంద్రత కలది కాబట్టి, ఎర మెల్లగా తేలుతూ దిగాలనుకున్నప్పుడు లీడర్‌కు అదే మేలు. గుండు విషయంలో సీసం కన్నా టంగ్‌స్టన్ రెండు విధాల ఉత్తమం. సీసపు సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే టంగ్‌స్టన్‌ది 19.3 గ్రాములు, అందువల్ల అంతే బరువుకు చిన్న గుండు సరిపోతుంది. అదీగాక అది గట్టి లోహం కావడంతో రాయికి తగిలిన అదురును మింగేయకుండా పైకి పంపుతుంది.

రిగ్ కట్టడం ఒక పూటలో నేర్చుకోవచ్చు గానీ, ఈడ్వడం నేర్చుకోవడానికి చాలా కాలం పడుతుంది. ఎరను దూరంగా విసిరి, గుండు అడుగుకు చేరేదాకా ఆగి, గాలపు కర్రను పైకి ఎత్తకుండా నీటికి సమాంతరంగా పక్కకు మెల్లగా లాగుతారు. తరువాత కర్రను తిరిగి ముందుకు తెస్తూ, సడలిన దారాన్ని రీలుతో చుట్టుకుని, కాసేపు ఆగి, మళ్లీ లాగుతారు. కర్రను పైకి ఎత్తితే గుండు నేలను విడిచి ఎగురుతుంది, పక్కకు లాగితే నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ పద్ధతికి ప్రాణమంతా ఈ తేడాలో ఉంది. మెత్తని బురద మీద గుండు బరువుగా, మూగగా జరుగుతుంది. గులకరాళ్ల మీదికి రాగానే దారంలో సన్నని గరగర వినిపించినట్టు వేళ్లకు తెలుస్తుంది. ఆలుచిప్పల పొర మీద ఆ గరగర మరింత పదునుగా ఉంటుంది. మోడు వేరుకు తగిలినప్పుడు ఒక్కసారి ఆగి, కర్ర కొద్దిగా వంగి, మళ్లీ జారినట్టు విడిపోతుంది. పాత వాగు గట్టు అంచు దాటినప్పుడు గుండు ఉన్నట్టుండి జారిపోయి దారం వదులవుతుంది. కళ్లు చూడలేని ఇరవై అడుగుల లోతులోని నేలను అరచేయి ఈ విధంగా అంగుళం అంగుళంగా చదువుకుంటుంది.

ఇలా చదివిన నేలలో ముఖ్యంగా వెతకవలసింది మార్పును. పొడుగాటి బురద మైదానంలో గుప్పెడు గులకరాళ్లు ఉన్న చోటు, చదునైన మిట్టపై ఒంటరిగా నిలిచిన మోడు, నాచు ఆగిపోయి గట్టి నేల మొదలయ్యే అంచు, ఇవే చేపలు నిలిచే స్థలాలు. చేప ఎరను అందుకోవడం కూడా, చాలామంది ఊహించుకునే విధంగా కర్ర విరిగేంత కుదుపుతో జరగదు. తరచుగా కర్రకు ఒక మెత్తని బరువు తగిలినట్టో, దారం పక్కకు జరుగుతున్నట్టో, అప్పటిదాకా తెలుస్తున్న నేల హఠాత్తుగా తెలియడం మానేసినట్టో ఉంటుంది. లీడర్ పొడవుగా ఉండటంవల్ల కర్రను నిట్టనిలువుగా గుంజితే ఆ బలమంతా దారం వదులులోనే పోతుంది. అందువల్ల వదులును వేగంగా చుట్టుకుని, కర్రను పక్కకు దీర్ఘంగా లాగి ముల్లు గుచ్చుకునేలా చేస్తారు. ఈ రిగ్ పోటీలలోనూ నిలదొక్కుకున్నదే. 1985లో అర్కాన్సా నదిపై జరిగిన బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే ప్రతిష్ఠాత్మక పోటీలో జాక్ చాన్సలర్, బరువైన గుండు వెనుక తేలే చిన్న పురుగు వంటి ఎరతో గెలిచిన తరువాత దీని పేరు దేశమంతటా వినిపించింది.

చేప శరీరపు వేడి నీటి వేడిని బట్టే మారుతుంది కాబట్టి, ఋతువులను గురించి తెలుసుకోకుండా ఈ వేటను గురించి చెప్పడం కుదరదు. తూర్పు టెక్సస్ శీతకాలం మంచు గడ్డకట్టేంత తీవ్రమైనది కాకపోయినా, డిసెంబరు, జనవరి నెలల్లో నీరు చల్లబడినప్పుడు బాస్‌కు జీర్ణక్రియ మందగించి, ఆకలీ కదలికా తగ్గుతాయి. అప్పుడవి పాత నది దారి వంపులలోనూ, లోతైన గట్ల అంచులలోనూ గుంపులుగా నిలుస్తాయి. ఈ కాలంలో చిన్న ఎరను ఎంత మెల్లగా ఈడిస్తే అంత మంచిది. ఒక్కొక్క లాగుడు మధ్య చాలాసేపు ఆగగలిగిన ఓపిక ఉన్నవారికే చేప దక్కుతుంది.

జనవరి చివరి నుంచి మార్చి వరకు, వెచ్చని రోజులు వరుసగా వచ్చినప్పుడల్లా, గుడ్లు పెట్టవలసిన చేపలు లోతు నుంచి వాగుల దారి వెంబడి ఒడ్డుకు దగ్గరవుతాయి. అవి ఒక్కసారిగా రావు; దారిలోని మొనల మీద, పల్లాల అంచుల మీద ఆగుతూ, చలిగాలి వీస్తే వెనక్కి తగ్గుతూ వస్తాయి. నాచు పైభాగాన వేగంగా లాగే గలగల శబ్దపు ఎరలకు రేబర్న్‌లో ఈ దశలోనే గొప్ప పేరుంది, ఆ పేరు న్యాయమైనదే. కానీ చలిగాలి వచ్చి వెళ్లిన మరునాడు, ఆకాశం నిర్మలమై చేపలు అడుగుకు అంటుకున్నప్పుడు, బల్లి ఆకారపు ఎరను ఆ మొనల మీద ఈడ్చేవారిదే పైచేయి. నీటి వేడి 15 డిగ్రీల సెల్సియస్ దాటి 20 దిశగా పోతున్నప్పుడు మగచేప తక్కువ లోతులో తోకతో నేలను ఊడ్చి పళ్లెం వంటి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతే, వాటినీ తరువాత పిల్లలనూ మగచేపే కాపలా కాస్తుంది. కాపలా చేపను ముల్లుకు తగిలించి పైకి లాగిన కొద్ది నిమిషాలలోనే చిన్న సన్‌ఫిష్‌లు గూటిలోని గుడ్ల మీద పడతాయి. చట్టం అనుమతించిన చోట కూడా, గూటి మీద ఉన్న చేపను వదిలిపెట్టడమే ఉత్తమమైన పని.

ఏప్రిల్ చివర, మే నెలల్లో, గుడ్లు పెట్టి అలసిన ఆడచేపలు తిరిగి లోతుకు ప్రయాణం కడతాయి. అవి అన్నీ ఒకే చోట ఉండవు, ఒకే లోతులో ఉండవు, వేగంగా పోయే ఎరను తరమడానికి సిద్ధంగా ఉండవు. విశాలమైన మొనను ఒక చివర నుంచి మరో చివర దాకా మెల్లగా తుడుచుకుంటూ పోగల కరొలైనా రిగ్‌కు ఏడాదిలో ఇంతకన్నా అనువైన కాలం లేదు.

వేసవిలో జరిగే మార్పు మరింత ఆసక్తికరమైనది. ఎండకు పైనీరు 30 డిగ్రీలకు చేరి తేలికవుతుంది, అడుగు నీరు చల్లగా బరువుగా ఉండిపోతుంది. ఈ రెండింటి మధ్య, కొద్ది అడుగుల దిగువనే వేడి వేగంగా పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది. దీన్ని థర్మోక్లైన్ అంటారు. ఈ పొర గాలి తెచ్చే కదలికను కిందికి పోనివ్వదు కాబట్టి, అడుగున కుళ్లే ఆకులూ నాచూ అక్కడి ప్రాణవాయువును వాడేసుకున్న తరువాత దాన్ని భర్తీ చేసేది ఏదీ ఉండదు. చల్లగా ఉంది కదా అని చేప అక్కడికి దిగితే ఊపిరాడదు. అందువల్ల బాస్‌కు వేసవిలో నిజంగా నివాసయోగ్యమైన అడుగు నేల, ఆ పొర కన్నా పైన ఉన్న గట్లూ దిబ్బలూ మాత్రమే; రేబర్న్‌లో 15 నుంచి 25 అడుగుల లోతులోని మిట్టలు అప్పుడు చేపలతో కిక్కిరిసి ఉండటానికి కారణం ఇదే. ఆనకట్ట వద్ద విద్యుత్తు ఉత్పత్తి కోసం నీటిని వదిలినప్పుడు పాత నది దారి వెంట సన్నని ప్రవాహం పుడుతుంది, షాడ్ గుంపులు దానితో పాటు కదులుతాయి, బాస్‌లు గట్టు అంచున ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి వాటి కోసం నిలుస్తాయి. ఇటువంటప్పుడు 28 గ్రాముల గుండును దిబ్బ తల మీద ఈడిస్తే, ఒకే చోట వరుసగా ఎన్నో చేపలు పడటం సాధారణమే.

శరత్కాలంలో పైనీరు చల్లబడి అడుగు నీటితో కలిసిపోతుంది, షాడ్‌లు వాగుల మొగలలోకి పోతాయి, బాస్‌లు వాటి వెంట చెదిరిపోతాయి. అప్పుడు అడుగున ఈడ్వడం కన్నా చేపలను వెతుకుతూ వేగంగా తిరిగే పద్ధతులే ఎక్కువ ఫలిస్తాయి.

ఈ లెక్కలన్నిటినీ నీటిమట్టమూ నాచూ తారుమారు చేస్తుంటాయి. రేబర్న్‌లో చేపలకు నీడనిచ్చే నాచులలో ముఖ్యమైన హైడ్రిల్లా అమెరికాది కాదు. ఆసియా నీళ్లలో, మన చెరువుల్లోనూ పెరిగే మొక్క. అలంకారపు తొట్టెల కోసం 1950లలో ఫ్లోరిడాకు చేరి అక్కడి నుంచి వ్యాపించింది. పడవ నడిపేవారికి అది పీడగా, చేపలు పట్టేవారికి వరంగా కనిపించడంవల్ల, దాన్ని తొలగించాలా ఉంచాలా అన్న వాదం అక్కడ ఎన్నటికీ ముగియదు.

ఇటీవలి సంవత్సరాలలో పడవ ముందున్న చేపను తెర మీద కదులుతుండగానే చూపించే సోనార్ పరికరాలు వచ్చి, ఈ వేట స్వరూపాన్నే మార్చాయి. అవి ఉపయోగకరమైనవే, పాత వాగు వంపును గంటల తరబడి వెతికే శ్రమను అవి తగ్గించాయి. కానీ తెర మీద గట్టి నేలగా కనిపించినది గులకో, చిప్పలో, ఎండి గట్టిపడిన మట్టో తేల్చి చెప్పేది ఇప్పటికీ గుండే. పైగా, తెర మీది ఒక్కొక్క చేపనూ గురిపెట్టడానికి అలవాటు పడినవారికి, ఆ చేప అక్కడే ఎందుకు ఉందన్న ప్రశ్న క్రమంగా దూరమవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు పరికరం కొనకముందు ఒక వేసవి అంతా గుండును ఈడ్చి చూడటం ఎంతో మేలు.

పట్టిన చేపను తిరిగి వదిలే ఆచారాన్ని బాస్‌మాస్టర్ పోటీల స్థాపకుడు రే స్కాట్ 1972లో తన పోటీలలో ప్రవేశపెట్టిన తరువాత అది బాస్ వేటకు నియమం వంటిదైంది. అయితే వదిలిన చేప బతుకుతుందా అన్నది పట్టిన తీరును బట్టి ఉంటుంది. నీటిలో సుమారు 33 అడుగుల లోతున ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు; బాస్ గాలితిత్తికి గొంతుతో కలిపే గొట్టం లేదు కాబట్టి, లోతు నుంచి వేగంగా పైకి లాగిన చేప ఉబ్బిన గాలిని బయటికి వదలలేక, వెల్లకిలా తేలి ఎండకు చచ్చిపోయే ప్రమాదం ఉంది. మెత్తని ఎరను చేప లోపలిదాకా మింగినప్పుడు ముల్లును పెరికే బదులు దారాన్ని దగ్గరగా కోసి వదిలితే బతికే అవకాశం పెరుగుతుంది. అరిగి చినిగిన ప్లాస్టిక్ ఎరలను నీటిలో పారేస్తే అవి కుళ్లవు, చేపల కడుపుల్లో చేరి జీర్ణం కాకుండా ఉండిపోతాయి. తెగిపోయిన సీసపు గుండ్లను మింగి నీటి పక్షులు విషప్రభావానికి గురవుతున్నందున, హంసల రక్షణ కోసం బ్రిటన్ 1987లోనే చిన్న సీసపు గుండ్లపై ఆంక్షలు విధించింది, అమెరికాలో న్యూ హాంప్‌షైర్, మెయిన్ వంటి రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి.

హ్యూస్టన్, డాలస్ నగరాలలో వేల సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ జలాశయం కారులో కొన్ని గంటల ప్రయాణమే. అక్కడ 17 ఏళ్లు వచ్చిన దాదాపు ప్రతి ఒక్కరికీ చేపల వేటకు రాష్ట్రపు లైసెన్సు అవసరం. లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాల కన్నా చిన్నదైతే వదిలేయాలి, రోజుకు ఐదింటికి మించి ఉంచుకోకూడదు, ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ప్రతి ఏడూ సరిచూసుకోవాలి. అంతకన్నా గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఈ చేప ప్రపంచంలోని అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల పట్టికలో ఉంది. జపాన్ 2005 నుంచి దీని పెంపకాన్నీ, ప్రాణంతో తరలించడాన్నీ, నీళ్లలో వదలడాన్నీ చట్టంతో కట్టడి చేసింది. టెక్సస్‌లో దీన్ని చూసి ముచ్చటపడినవారు ఎవరూ దీన్ని ప్రాణంతో కృష్ణా, గోదావరి జలాశయాలకు తెచ్చే ఆలోచన చేయవద్దు, ఎవరైనా చేస్తుంటే ఊరుకోవద్దు.